ఫొటో తీసినవారు

"ఆ గోల్‌కీపర్ ఫొటో ఎక్కడ పెట్టావ్? ప్రదర్శనకి తీసుకున్నారు. గోడకి తగిలించి కింద నా పేరు వేస్తారట," అన్నాడు మా ఆయన తల దువ్వుకుంటూ. తోముతున్న గిన్నెలు వదిలి, చేతులు కడుక్కుని ముందుగదిలోని కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. ఆటల ఫొటోలు తీయడం ఆయన పని. వాటిని సర్దడం నా పని, జీతం లేనిది. ఏ ఆట, ఏ జట్టు, ఎవరు, గెలుపా ఓటమా, నవ్వా ఏడుపా, అన్నీ ఎక్కించకపోతే వేలకు వేల ఫొటోల్లో ఏదీ మళ్లీ దొరకదు. చొక్కా మీది నంబరును జట్టు జాబితాతో పోల్చి సగం పేర్లు కంప్యూటరే నింపేస్తుంది. నంబరు కనిపించనివాళ్లు నా వంతు. "కూర్చుని చేసే పనేగా," అంటారు మా అత్తగారు. అందుకే మధ్యమధ్యలో లేపుతుంటారు.

'ఓటమి, గోల్‌కీపర్' అని కొట్టగానే వచ్చింది. వలలో చిక్కుకున్న బంతిని విడదీస్తోంది ఆ పిల్ల, చంటిబిడ్డ జుట్టు చిక్కు తీసినంత నెమ్మదిగా. ముఖం సగమే కనిపిస్తోంది, నంబరు అసలు లేదు. వేలికి చుట్టుకున్న నీలం పట్టీని బట్టి నేనే ఆమె పేరు రాశాను. గుర్తుండదా మరి? ఆ రోజు ఆమెకి ఎదురుగా ఉన్నది నేనే. గెలిచినవాళ్ల గంతులు తీయడానికి పరుగెత్తుతూ ఈయన, "ఇది కాస్త పట్టుకో," అని పెద్ద కెమెరా నా చేతిలో పెట్టాడు. అందరూ అటే పోయారు. ఈ పిల్ల ఒక్కతే మిగిలింది. కెమెరా కంటికి ఆనించుకున్నాను. నొక్కాను.

ఆ కెమెరాతో ఎవరు తీసినా ఫొటో వివరాల్లో ఆయన పేరే పడుతుంది, కొన్న రోజే అలా పెట్టుకున్నాడు. ఇది నేను తీసింది కదా అని ఒకసారి అడిగాను. "కెమెరా నాది, సెట్టింగులు నావి. నువ్వు నొక్కావు, అంతేగా," అని నవ్వాడు. నేనూ నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్ల పేర్లు కూడా వెతికి వెతికి రాశాను గానీ, 'ఫొటో తీసినవారు' అన్న గడి జోలికి ఎప్పుడూ పోలేదు.

ఇవాళ పోయాను. ఆయన పేరు చెరిపేసి నా పేరు కొట్టాను. తప్పు పడింది, దిద్దుకుని మళ్లీ కొట్టాను. సంతోషమేమీ కలగలేదు. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నానా అనిపించింది. లేచి గిన్నెల దగ్గరికి వెళ్లిపోయాను.

"ఏదీ? నా పేరు కొడితే ఆ ఫొటో రావడం లేదు," అని ముందుగదిలోంచి కేకేశాడు.

"ఆ పేరుతో రాదండీ," అన్నాను. "నాది కొట్టండి."