కదలకుండా పడుకున్న అరగంట

కదలకూడదు, మాట్లాడకూడదు, నిద్రపోకూడదు. పరీక్ష చేసే అమ్మాయి ఈ మూడూ చెప్పి, నా తలమీద గాజులాంటి గుండ్రటి మూత దించింది. దాన్నుంచి ఒక గొట్టం పక్కనున్న యంత్రంలోకి పోతోంది.

"మీరు పీల్చే ప్రాణవాయువు ఎంత, వదిలే బొగ్గుపులుసు వాయువు ఎంత అని ఇది కొలుస్తుంది సార్. ఊరికే పడుకున్నా ఒళ్ళు ఎంత శక్తి ఖర్చు పెడుతోందో తెలిసిపోతుంది."

తక్కువ రావాలి. నాకు కావలసింది అంతే.

టైల్స్ ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దే పని మానేసి పదకొండు నెలలైంది. పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకునేసరికే చేతులు బరువెక్కుతాయి. మూడుసార్లు రక్తం పరీక్ష చేసినా ఏమీ దొరకలేదు. మా బావమరిది మాత్రం రక్తం చూడకుండానే జబ్బు కనిపెట్టాడు.

"తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు. దీనికి మందెక్కడుందే అక్కా?" అన్నాడు, నేను కంచం ముందు కూర్చుని ఉండగానే.

నా భార్య గరిటె కింద పెట్టింది. "ఆయన ఒంట్లో ఏదో చెడింది. తెలియకపోతే నోరు మూసుకో."

ఆ మాటమీదే బతుకుతున్నాను. ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. నేను మానేసినప్పటినుంచీ రెండు షిఫ్టులు.

మూత కింద నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. గుండె, కాలేయం, మూత్రపిండాలు నన్నడక్కుండా తమ పని తాము చేసుకుపోతున్నాయి. వాటి క్రమశిక్షణ చూసి ఒళ్ళు మండింది. ఊపిరి కొద్దికొద్దిగా తీయసాగాను.

"బిగబట్టకండి సార్. తెరమీద కనిపిస్తోంది."

చెవులు వేడెక్కాయి.

అరగంట తర్వాత ఆమె కాగితం ఇచ్చింది. "అంతా మామూలే. మీ వయసుకీ బరువుకీ ఎంత ఉండాలో అంతే ఉంది."

"నేను చాలా ఆలోచిస్తానండీ. బుర్రే అంతా తినేస్తోందేమో?"

"బుర్ర ఎలాగూ తింటుంది. బరువులో యాభయ్యో వంతు, తిండిలో ఐదో వంతు. కానీ మీరు కుమిలిపోయినా, ఊరికే కూర్చున్నా దాని ఖర్చు పెద్దగా మారదు."

అంటే పదకొండు నెలల నా మథనానికి ఒక బిస్కెట్టు కూడా ఖర్చు కాలేదన్నమాట.

"మీ నీరసం అబద్ధమని నేననడంలేదు," అంది ఆమె, నా మొహం చూసి. "కారణం ఇక్కడ దొరకలేదు, అంతే. ఒకసారి మనసు డాక్టరుని కలవండి." కాగితం వెనక ఒక గది నంబరు రాసింది.

మంచి సలహాయే. కానీ ఆ గదికి వెళ్తే ఒంట్లో ఏమీ చెడలేదని ఒప్పుకున్నట్టే. ఇక నా భార్య గరిటె ఎందుకు కింద పెడుతుంది? కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులోకి తోశాను.

నా భార్య బయట బల్లమీద కూర్చునే కునికిపాట్లు పడుతోంది. మణికట్టుమీద ఇస్త్రీపెట్టె కాల్చిన కొత్త మచ్చ. అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది. "ఏమన్నారండీ?"

"తక్కువట. మామూలు మనిషిలో సగమేనట."

మొగుడికి జబ్బని తెలిసి ఒక మనిషి మొహం అంతలా వెలగడం నేనెన్నడూ చూడలేదు. అక్కడే తమ్ముడికి ఫోన్ చేసింది. "విన్నావుట్రా? సగమట, సగం! ఇంకోసారి తిమ్మరాజన్నావంటే మా గడప తొక్కకు." ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. "మందులేమైనా రాశారా?"

"లేదు. విశ్రాంతి తీసుకోమన్నారు."

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! ఇకనుంచి రోజూ అలిసిపోవాలి. కాస్త బాగున్న రోజున కూడా, ముఖ్యంగా ఆ రోజున.

మెట్ల దగ్గర ఆమె ఆగి భుజం వంచింది. "నన్ను పట్టుకుని దిగండి. మెల్లగా."

పట్టుకున్నాను. సగం మనిషి ఎంత బరువు ఆనించాలో తెలియక, కాస్త ఎక్కువే ఆనించాను.