రెండో గేజి

నాకు ముక్కు మీదే కోపం. ఈ మాట ఇంకెవరన్నా అంటే ఊరుకోను గానీ, నేనే ఒప్పుకుంటున్నాను. ఇరవై ఏళ్ళుగా గేర్‌బాక్సులు విప్పి బిగిస్తున్నాను. వాటి మీద ఏనాడూ కోపం రాలేదు, వాటిని పాడుచేసి తెచ్చేవాళ్ళ మీదే వస్తుంది. అందుకే అక్క నన్ను చిన్నప్పటి నుంచీ మిరపకాయా అనే పిలుస్తుంది. అమ్మ పోయాక నాకు జడలు వేసింది అక్కే. ఆడపిల్లకి స్పానర్లేమిటని అందరూ నవ్వితే, నా మొదటి పనిముట్ల పెట్టె కొనిచ్చిందీ అక్కే. నేనెంత నోరు పారేసుకున్నా పట్టించుకోని మనిషి లోకంలో తనొక్కతే అనుకునేదాన్ని.

ఆ శనివారం పొద్దున్నే అక్క కారు నా షెడ్డులోకొచ్చి ఆగింది. అక్క దిగి, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఇంక దీన్ని అమ్మేద్దామే. గేరు పట్టక జారుతోంది. గేర్‌బాక్సు పోయిందట."

"పోయిందని ఎవరన్నారు?"

"పెద్ద వర్క్‌షాపులో. ఒక చుట్టు తిప్పి చూసి, ఇంత పాత బండికి కొత్త గేర్‌బాక్సు దండగన్నారు. సోమవారం ఆఫీసుకెళ్ళి, ఉద్యోగం మానేస్తున్నానని రాసిపెట్టిన ఉత్తరం ఇచ్చేస్తా."

అక్క నర్సు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మారుస్తుంది, మందులు వేస్తుంది. మెట్ల మీద నుంచి పడ్డప్పటి నుంచి ఎడమ మోకాలు వంగదు, క్లచ్ తొక్కలేదు. అందుకే ఎడమ కాలితో పని లేని ఈ ఆటోమేటిక్ బండిని నాలుగేళ్ళ కిందట ఊరంతా గాలించి పట్టుకొచ్చాను. ఇలాంటిది ఇంకోటి కొనే స్తోమత మా ఇద్దరికీ లేదు. ఇది పోతే అక్క ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. కూర్చునే రకం కాదు తను.

"ఎన్నాళ్ళ నుంచి జారుతోంది?"

"రెండు నెలలవుతోంది."

"రెండు నెలలా! చెల్లెలు గేర్‌బాక్సులు బాగుచేస్తుంటే నువ్వు ఊళ్ళోవాళ్ళ దగ్గరికి పోతావా? బుద్ధుందా నీకు?"

"ఇదిగో, ఇందుకే రాలేదు" అంది అక్క, నవ్వుతూనే.

ఆ మాట చురుక్కుమని తగిలింది. పట్టించుకోనట్టు బానెట్ ఎత్తాను.

"సరే, ఏం చేస్తోందో చెప్పు."

"ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గొంతు చించుకుంటుంది గానీ బండి ముందుకు పోదు. మలుపుల్లోనూ అంతే. బాగా తిరిగి వేడెక్కాక మరీ ఎక్కువ." అంటూ బ్యాగులోంచి కాగితాలు తీసింది. జ్వరం రాసుకునే ఛార్టులవి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ వీధిలో జారిందో వరసగా రాసి ఉంది. చివరి గడిలో ప్రతిరోజూ ఒకటే మాట. గేర్ ఆయిల్ నిండుగా ఉంది.

గేర్‌బాక్సు జారుతోందని ఎవరొచ్చినా నేను మొదట చూసేది ఆయిలే. లోపలి ప్లేట్లను ఒకదానికొకటి నొక్కిపట్టేది ఆ ఆయిల్ ఒత్తిడే. అది చాలకపోతే ప్లేట్లకు పట్టు దొరకదు, ఇంజన్ తిరిగినా చక్రాలకు బలం అందదు. ఈ విషయంలో కస్టమర్ దేవుడి మీద ఒట్టేసి చెప్పినా నమ్మను, ఆయిల్ ఎంతుందో చూపే గేజి పుల్లను నా చేత్తో తీసి చూసుకుంటాను. ఆ రోజు మాత్రం చూడలేదు. అక్క ఛార్టులో తప్పు రాయడమన్నది నేను పుట్టి బుద్ధెరిగాక జరగలేదు.

స్కానర్ తగిలించాను. వైర్లలో లోపమేదీ చూపించలేదు. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని నేనే తోలాను. వాటర్ ట్యాంక్ వెనక ఎత్తు ఎక్కేసరికి ఇంజన్ వేగం చూపే ముల్లు సర్రున పైకి లేచింది, బండి మాత్రం నత్తనడకే. అక్క చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. కిందికి దిగి ఎడమకు తిప్పగానే మళ్ళీ జారింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ప్లేట్లు అరిగితే ఎత్తులో జారతాయి, సరే. మలుపు తిరిగితే వాటికేం పట్టింది? మలుపులో ఒక పక్కకు ఒరిగేది ఆయిలే. అది తక్కువుంటే పంపు గాలి పీలుస్తుంది. కానీ ఛార్టు నిండుగా ఉందంటోంది.

షెడ్డుకొచ్చి, లివర్ పార్కింగులో పెట్టి, ఇంజన్ తిరుగుతుండగానే గేర్ ఆయిల్ గేజి లాగాను. అక్క కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యయ్యో, అదేం పనే! ముందు ఇంజన్ ఆపు! ఆన్‌లో ఉండగా గేజి తియ్యకూడదని తెలీదూ?"

గేజి తుడిచి, ముంచి, మళ్ళీ తీశాను. కొసకు తడి అంటీ అంటనట్టుంది.

"ఎవరే అక్కా నీకీ మాట చెప్పింది?"

"నువ్వే!"

"నేనా?"

"బండి కొన్న కొత్తలో ఇంజన్ ఆయిల్ గేజి ఆన్‌లో ఉండగా తీశానని నలుగురి ముందూ కడిగేశావు కదే. ఈ రెండో గేజి కూడా అంతేనా అని అడిగా. ఎవరి బండి కిందో దూరి ఉన్నావు. అన్నీ అంతే, ఎన్నిసార్లు చెప్పాలి అని అరిచావు. ఇంక మళ్ళీ అడగలేదు."

ఇంజన్ ఆయిల్ ఇంజన్ ఆపి చూడాలి. ఈ బండి గేర్ ఆయిల్ అలా కాదు, వేడెక్కాక, ఇంజన్ తిరుగుతుండగా చూడాలి. ఆపితే పైనున్న ఆయిలంతా కిందికి దిగి, తక్కువున్నా నిండుగా కనిపిస్తుంది. అక్క రోజూ పొద్దున్నే చల్లటి బండిలో చూసి, కనిపించింది కనిపించినట్టు రాసింది. ఒక్కసారి అడిగింది. ఆ ఒక్కసారీ నేను బండి కింద నుంచి తల కూడా బయటపెట్టలేదు.

"తప్పు నాది అక్కా. నా పాడు నోరే ఇంతదాకా తెచ్చింది."

"ఊరుకోవే. ముందు నా బండి బతుకుతుందా, చెప్పు."

రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేశాను. ఆయిల్ ఎర్రగానే ఉంది, నల్లబడలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మాడు వాసన లేదు. అంటే ప్లేట్లు కాలలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. కింద దూరి చూస్తే, గేర్ ఆయిల్ చల్లబడడానికి రేడియేటర్‌కు వెళ్ళే గొట్టం అతుకు దగ్గర చెమ్మ. కారిందంతా అడుగున ఉన్న ప్లాస్టిక్ రేకు మీదే నిలిచిపోయింది, నేల మీద మరక పడితే కదా ఎవరైనా చూసేది! గొట్టం మార్చాను. ఇంజన్ తిరుగుతుండగా కొంచెం కొంచెంగా ఆయిల్ పోశాను. ప్రతిసారీ గేజి అక్క చేతే తీయించి చూపించాను.

ఈసారి అక్కే తోలింది. ట్యాంక్ వెనక ఎత్తు బండి చకచకా ఎక్కేసింది. పైన ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చేసింది.

"నేను వెళ్ళే ఇళ్ళల్లో ఒక టైపిస్టు మాస్టారున్నారు, నాచేత తప్ప కట్టు మార్పించుకోరే. ఇంక రానని ఆయనకెలా చెప్పాలా అని రెండు రోజులుగా అన్నం సహించలేదు."

"ఆ ఉత్తరం ఇలా ఇవ్వు" అన్నాను. ఇచ్చింది. దానితో నా చేతుల ఆయిలంతా శుభ్రంగా తుడుచుకున్నాను. ఏడుస్తూనే నవ్వింది, నేనూ నవ్వాను. అక్క లేకపోతే నేను లేనని ఆ రోజు పైకే అన్నాను, ఎంత సిగ్గనిపించినా.

మంగళవారం షెడ్డు నిండా బండ్లు. కంప్రెసర్ హోరు, ఎదురుగా ఒక కస్టమర్ వాదన. ఫోన్ మోగింది.

"మిరపకాయా, తిట్టనంటే ఒకటి అడుగుతా."

కస్టమర్‌ను ఆగమని సైగ చేశాను. కంప్రెసర్ కట్టేసి, స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"అడుగక్కా."

"స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూతకి కూడా చిన్న గేజి ఉందే. అదెలా చూడాలి?"

నిదానంగా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

"ఆగాగు, కాగితం తెచ్చుకున్నా. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.