ఒక ఇటుక తక్కువ

హెడ్‌మాస్టారు సుకిర్మన్ రంపం పట్టుకుని గదిలోకి వచ్చేసరికి విదారి టీచరు గుండె జారిపోయింది. స్వాతంత్ర్య దినానికి బడి ముందు ద్వారం కట్టాలి. దానికోసం తెప్పించిన వెదురంతా నాలుగో తరగతి పిల్లలు నిలువునా చీల్చి, కణుపులు చెక్కి, గోళీ దొర్లడానికి గోడ పొడవునా బాట కట్టేసుకున్నారు.

"భోజనాల వేళదాకా చూస్తాను టీచర్. గోళీ వెళ్ళి ఆ చివరి గంట కొట్టిందా, సరే. లేదా, విప్పేయిస్తా," అని హెడ్‌మాస్టారు కుర్చీ లాక్కున్నారు.

చిక్కంతా బాట మధ్యలో ఉన్న చుట్టు దగ్గరే. సన్నటి బద్దను మంట మీద వంచి గుండ్రంగా చుట్టారు. గోళీ అందులోకి దూరి, తలకిందులుగా తిరిగి, ఇవతలికొచ్చి చివరనున్న కంచు గంటను తాకాలి. కానీ అది పైదాకా పోకుండానే జారి పడుతోంది. పిల్లల్లో గిలాంగ్ అనే మహానుభావుడు నిన్న బాటంతా కొబ్బరినూనె పూశాడు. గోళీ సంగతేమో గానీ చీమలు మాత్రం బారులు తీరాయి.

విదారికి జవాబు తెలుసు. చెయ్యి పెట్టనని, నోరు విప్పనని మొదటిరోజే పిల్లలకు మాటిచ్చింది. ఇప్పుడు నాలుక దురద పెట్టి చంపుతోంది.

"బొటనవేలితో ఒక్కటిస్తే అదే పోతుందే," అన్నాడు గిలాంగ్.

"అప్పుడది నీ వేలి గొప్ప, బాట గొప్ప కాదు. మనం వదలాలి, అంతే," అంది లారస్.

"అయితే నువ్వే చెప్పు, ఇంజనీరమ్మా."

లారస్ గోళీ వదిలింది. చుట్టులో అది జారిపడ్డ చోట సుద్దతో గీత పెట్టింది. బాట పై కొస కింద ఇటుక పెట్టి మళ్ళీ వదిలింది. గోళీ పడింది గానీ, ఈసారి గీతకు కాస్త పైన. అక్కడా ఒక గీత పెట్టింది. ఆ రెండు గీతలకేసి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఒరేయ్, ఇటుకలు తేరా. ఎంత ఎత్తు నుంచి దిగితే అంత పైకి ఎక్కుతోంది."

విదారికి ఆ పిల్లను ఎత్తుకుని ముద్దాడాలనిపించింది. చేతులు కట్టుకుని కూర్చుంది.

ఇటుక మీద ఇటుక పడింది. లారస్ గోళీ వదిలింది. అది చుట్టులో గిర్రున తిరిగి, బాటంతా దొర్లి, కంచు గంటను ఖంగుమనిపించింది.

"బాగుందర్రా," అంటూ హెడ్‌మాస్టారు లేచారు. "మాటంటే మాటే. ఇది ఇక్కడే ఉంటుంది."

పిల్లలు ఆయన మాట విన్నట్టే లేరు. లారస్ అప్పటికే పై ఇటుక మీద చెయ్యి వేసింది.

"అదేంటే, ఎందుకు తీస్తున్నావ్? పడిపోతుందిగా," అన్నారాయన.

"పడాలి సర్. ఎక్కడ పడుతుందో చూస్తేనే కదా, ఎంత ఎత్తు సరిపోతుందో తెలిసేది."

హెడ్‌మాస్టారు విదారి వైపు తిరిగారు. నేర్పింది నువ్వేనా అని ఆయన కళ్ళు అడుగుతున్నాయి. ఆమె కాదని తలూపింది. అంత సంతోషంగా ఆమె ఎప్పుడూ కాదనలేదు.

ఆయన రంపాన్ని కుర్చీ కిందకు తోసి, బాట పక్కన నేల మీద చతికిలబడ్డారు.

"ఏదీ, ఈసారి నన్ను వదలనివ్వండి," అని చెయ్యి చాపారు.

"వదలండి సర్. నెట్టకూడదు మరి," అంది లారస్, గోళీ ఆయన అరచేతిలో పెడుతూ.