నిండు ముఖాలు

మామగారు పెట్టెకు వేసిన ముడి విప్పడానికి సూయేకు మొదటిసారి అరపూట పట్టింది. తొమ్మిదోసారికి కళ్ళు మూసుకుని విప్పి, కళ్ళు మూసుకునే మళ్ళీ అలాగే వేయగలిగింది.

వై నదికి దక్షిణాన తోలుబొమ్మలాట అంటే జనం ఆ మామగారి పేరే చెప్పేవారు. లువాన్ షౌఛెన్. తెర వెనక కూర్చుని గుండ్రటి వీణ మీటుతూ రాజుకూ రాణికీ దొంగకూ దేవుడికీ తానొక్కడే గొంతిచ్చేవాడు. మేళంలో ఐదుగురు ఉండేవారు. వానలు ముఖం చాటేసిన మొదటి ఏడు ఇద్దరు నది దాటి వెళ్ళి మళ్ళీ రాలేదు. రెండో ఏడు ఒకడు ఆకలితో పోయాడు. షౌఛెన్ కొడుకు యున్‌షెంగ్, అంటే సూయే మొగుడు, జ్వరంతో పోయాడు. ముసలాయన కళ్ళకు పొర కమ్మిందీ ఆ ఏడే. కొడుకును పూడ్చి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా బొమ్మల పెట్టెను తాడుతో బిగించి కట్టాడు. వాన పడేదాకా దీన్ని ఎవరూ తెరవకూడదన్నాడు. పక్క ఊరి మేళంవాళ్ళు తమ పెట్టెను రెండు కుంచాల తవుడుకు ఇచ్చేశారని తెలిసి, వాళ్ళింట ఇక మంచినీళ్ళు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

"అవి ఆరు తరాల మనుషులు అమ్మాయ్. వాటి మీద చెయ్యేసినవాళ్ళు ఎవరైనా సరే, నాకేమీ కారు," అన్నాడు కోడలితో.

రోజూ లేవగానే మొదట ఆ ముడిని తడుముకునేవాడు. మనవరాలిని తర్వాత.

మనవరాలికి ఆరేళ్ళు. పేరు మైయా. గోధుమ మొలక అని తండ్రి ముచ్చటపడి పెట్టుకున్న పేరు. కంటికి గోధుమ గింజ కనబడని ఆ రోజుల్లో ఆ పేరు పెట్టి పిలవడానికి సూయేకు సిగ్గుగా ఉండేది. ఊళ్ళో చెట్లకు బెరడు మిగల్లేదు. తెల్లమట్టి తిన్నవాళ్ళు కడుపులు ఉబ్బి పోయారు. మూడో ఏడు చలికాలంలో మైయా లేవడం మానేసింది. ఆకలి అని ఏడ్చినన్నాళ్ళూ సూయే విసుక్కునేది, ఒకటి రెండుసార్లు కొట్టింది కూడా. ఏడుపు ఆగిన రోజున, ముసలాయన ఎండలో కూర్చుని కునుకు తీస్తుంటే పెట్టె ముందు కూలబడి ముడి మీద గోళ్ళు వేసింది.

ఎంత రాజైనా, ఎంత రాణైనా, అది ఎద్దు తోలే కదా.

ఆ తోలు సంగతి సూయేకు తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. యున్‌షెంగ్ కత్తిని నిట్టనిలువుగా కదలకుండా పట్టుకుని తోలునే కత్తి మీదికి తోసేవాడు. ఒక్క బొమ్మకు మూడువేల కోతలు. ఆ తర్వాత పనంతా ఆమెది. రంగులద్ది, కాల్చిన ఇటుకల మధ్య పెట్టి, తోలుకు చెమట పట్టించి, రంగును లోపలికి ఇంకించేది. ఇటుక కాస్త ఎక్కువ వేడెక్కితే మూడువేల కోతలూ ముడుచుకుపోతాయి. ఆమె చేతిలో ఒక్కటీ ముడుచుకుపోలేదు. ఎరుపు ఇంగిలీకమని, పసుపు హరిదళమని, అవి కడుపులోకి వెళితే ఎలుకకైనా మనిషికైనా ఒకటే దారి అని ఆమెకు తెలుసు. నలుపు మాత్రం వట్టి దీపపు మసి.

అందుకని నల్లవి ముందు తీసింది. బూడిద నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, పైనున్న నూనె పూత గీకి, మొదటి నీళ్ళు పారబోసి ఉడకబెట్టింది.

మొండేలు ఒకచోట, తలలు ఒకచోట ఉంచడం ఆ మేళాల ఆనవాయితీ. తలలతో ఉంచితే బొమ్మలు వాటంతటవే లేచి తిరుగుతాయని భయం. తలలన్నీ ఒక గుడ్డ పుస్తకం పేజీల మధ్య ఉండేవి. మంచివాళ్ళ ముఖాలకు తోలంతా కోసి తీసేస్తారు. కనుబొమ్మ, ముక్కు, పెదవి దారాల్లా మిగులుతాయి. మిగతాదంతా ఖాళీ, అందులోంచి వెలుతురు వచ్చి ముఖం తెల్లగా మెరుస్తుంది. దొంగలకూ దుర్మార్గపు మంత్రులకూ తోలు కొయ్యరు. వాళ్ళవి నిండు ముఖాలు, నల్లటి ముఖాలు. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గానీ కరువు మాత్రం చూసి ఉండడు. మంచివాళ్ళందరి ముఖాలూ కలిపి ఉడికించినా పిల్లకు ఒక గుక్క రాదు. చెడ్డవాళ్ళ దగ్గరే ఇంత తినడానికి ఉంది.

మొదట కుండలో పడింది ధాన్యం మింగిన మంత్రి, తలతో సహా. ఆ జిగురు నీళ్ళు సూయే వేలితో పిల్ల పెదవులకు రాసింది. మూడో రోజు మైయా కళ్ళు తెరిచి, "ఇంకా ఉందా?" అంది.

ఇంకా ఉంది. సేనాపతులున్నారు, దారిదోపిడీవాళ్ళున్నారు. మంత్రితో మొదలుపెట్టి కుండలో ఎవరెవరు ఉడికారో మైయా చెవిలో కథలా చెప్పేది. ముసలాయనకూ గిన్నెడు పోసి, ఎవరిదో కంచరగాడిద చస్తే తోలు దొరికిందని చెప్పింది. ఆయన వాసన చూసి, దీపం వాసన వస్తోందేమిటన్నాడు. గతి లేనమ్మకు గంజే పానకమని నవ్వి తాగేశాడు. నల్లవి అయిపోయాక గోధుమరంగువి, ఆ తర్వాత ఎరుపూ పసుపూ దిగిన మేర కోసి పారేసి మిగిలినవి తీసింది. అన్నిటికంటే చివర, పెళ్ళయిన ఏడు యున్‌షెంగ్ చెక్కిన రాణి మొండెం. దాని అంచున మామిడి పిందెంత పువ్వులు, ఒక్కో పువ్వుకు నలభై కోతలు. వాటిని గీకుతూ సూయే గుండెలవిసేలా ఏడ్చింది. ఏడుస్తూనే గీకింది. పెట్టె తేలిక కాకుండా మల్బరీ కట్టెలు నింపి మళ్ళీ ముడి వేసింది.

ఎండాకాలం చివర వాన పడింది. బొమ్మలకు బూజు పట్టిందేమో తానే చూసుకుంటానని సూయే అంటే, ముసలాయన సరేనన్నాడు. తోలు విషయంలో ఆమె మాటకు ఆయన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఆ నమ్మకమే ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ఇంతలో లోయ అవతలి ఊరి నుంచి ఫాన్ అనే పెద్దమనిషి వచ్చాడు. వాన పడితే జలదేవుడికి ఆట ఆడిస్తామని ఊరంతా మొక్కుకున్నారట. ఆ చుట్టుపక్కల పెట్టె ఉన్న మేళం ఇంకెక్కడా మిగల్లేదట. ఆడది తెర వెనక కూర్చోకూడదని ముసలాయన కాసేపు గొణిగాడు. మిగిలింది ఇద్దరమే, ఇంకా శాస్త్రాలేమిటని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మొగుడి కోసం ఎదురుచూసే ఇల్లాలి కథ అనుకున్నారు. అందులో అన్నీ ఖాళీ ముఖాలే. సూయే మందపాటి కాగితంతో మొండేలు కత్తిరించి, రంగులద్ది, నూనె రాసి, పెట్టెలోని కట్టెలు తీసేసి వాటిని పెట్టింది. మిగిలిన ఏడు తలలూ వాటికి తగిలించింది. గండం గడిచినట్టే అనుకుంది.

దీపాలు పెట్టే వేళకు తెర కట్టారు. మైయా ముందు వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ముసలాయన వీణ మీటి దేవుడికి దండకం మొదలుపెట్టాడు. అది అయ్యీ కాకముందే ఫాన్ తెర పక్కకు వచ్చి, దేవుడి ముందు చీటీ తీస్తే ఇంకో ఆట వచ్చిందన్నాడు. ధాన్యం మింగిన మంత్రి ఆట. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఇంట్లో ఒకరినైనా పోగొట్టుకోనివాళ్ళు లేరు. ఆ మంత్రి తల తెగడం వాళ్ళు చూడాలి.

"మామా, వద్దనండి. తడికి ఆ బొమ్మ ముడుచుకుపోయింది," అంది సూయే మెల్లిగా.

"నీ చేతిలో తోలు ముడుచుకుపోవడమా? మన పెట్టెలో లేనివాడు లేడమ్మాయ్. దండకం ఎత్తాక దేవుడి ఆట ఆపకూడదు," అని ఆయన వీణ అందుకున్నాడు. ఆ మాటలో ఎంత గర్వముందో ఆమెకు వినబడింది.

రాజు వచ్చాడు. పిల్లలను చంకనేసుకుని తల్లులు వచ్చారు. బొమ్మలు గరగరమంటున్నాయేమిటని ముసలాయన పాటకూ పాటకూ మధ్య అడిగాడు. చెమ్మ అంది సూయే. చివరికి ఆయన గొంతు లావు చేసి, మంత్రి వేంచేస్తున్నాడని పాడాడు. తెర తెల్లగా ఉంది. రెండోసారి పాడాడు. జనంలో గుసగుస లేచింది.

సూయేకు ఇంకేమీ తోచలేదు. దీపానికీ తెరకూ మధ్యకు జరిగి, తన ముఖాన్నే తెరకు పక్కవాటుగా ఆనించింది. అటువైపు జనానికి నల్లటి ముఖం కనబడింది. ఒక్క కోత లేదు, ఒక్క వెలుతురు చుక్క లేదు. ఇంత నిండు ముఖాన్ని వాళ్ళు ఏ ఆటలోనూ చూడలేదు. గుసగుస ఆగింది.

ముందు వరసలోంచి మైయా గొంతు స్పష్టంగా వినబడింది. "అది మంత్రి కాదు. మా అమ్మ. మంత్రిని మేం తినేశాంగా."

వీణ ఆగింది. సూయే తెర మీది నుంచి ముఖం తియ్యలేదు, తీస్తే ఆయన వైపు చూడాల్సి వస్తుంది. కాసేపటికి వీణ మళ్ళీ మోగింది. ముసలాయన మంత్రి పాట పాడాడు, తల్లుల శాపనార్థాలు పాడాడు, తల తెగే పాట పాడాడు. ఒక్క చరణం వదల్లేదు. తల తెగే చోట సూయే మెల్లిగా కిందికి వంగిపోయింది. జనంలో ఒక్కరూ కేక వెయ్యలేదు.

ఆట అయ్యాక ఆయన అలవాటుగా తలల కోసం చెయ్యి చాచాడు. సూయే ఏడు తలలూ అరచేతిలో పెట్టింది. ఒక్కొక్కదాన్నీ తడిమి పుస్తకంలో దాచాడు. చివరికి కొడుకు చెక్కిన రాణి తల వచ్చింది. దాన్ని చాలాసేపు వేళ్ళతో పట్టుకున్నాడు.

"దీని మొండెం?"

"చివరిదాకా ఉంచాను మామా."

"నేనూ తాగానా?"

"తాగారు."

"పిల్ల కళ్ళు తెరిచింది ఎవరితో?"

"మంత్రితో," అంది సూయే.

ఆయన తల ఊపాడు. పుస్తకం మూసి, పెట్టెలో పెట్టి, తాడు బిగించి ఎప్పటి ముడే వేశాడు. తర్వాత చేతికర్ర తీసుకుని లేచాడు. రెండేళ్ళుగా ఆ కర్ర రెండో కొస పట్టుకుని ఆయన్ను నడిపించేది సూయే. ఆమె ముందుకొచ్చి చెయ్యి చాచింది. ఆయన ఆ చెయ్యి తగలకుండా కర్రను పక్కకు తిప్పాడు.

"మైయా, నువ్వు పట్టుకో తల్లీ," అన్నాడు.

పిల్ల కర్ర కొస పట్టుకుని తాత ముందు బురదలో జాగ్రత్తగా నడిచింది. సూయే పెట్టె నెత్తిన పెట్టుకుని వాళ్ళ వెనక నడిచింది. పెట్టెలో ఏ బరువూ లేదు.