డోయిరా మత్యాకూబ్ అనుమానం

రోజూ అందరికంటే ముందు సంగీత పాఠశాలకు వచ్చి, పొయ్యి రాజేసి, డోయిరా తోలును సెగకు చూపించడం మత్యాకూబ్ అలవాటు. తోలు బిగిసిందో లేదో ఇదివరకు ఒక్క దెబ్బ వేసి, విని చెప్పేవాడు. ఇప్పుడు ఆ డప్పు అంచును దవడకు ఆనించి వేలితో తట్టి చూసుకుంటున్నాడు. రెండు చలికాలాల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ రెండు చెవులనూ పట్టుకుపోయింది. ఆ సంగతి భార్య పాష్షాకు తప్ప హజారాస్ప్‌లో మరొకరికి తెలియదని అతని నమ్మకం.

పని మాత్రం ఆగలేదు. ఆ ఊళ్ళో లజ్గీ నాట్యం ఆడే పిల్లల అడుగు సరిగ్గా తాళం మీద పడితే ఒళ్ళు రెండు వేళ్ళెత్తు గాల్లోకి లేస్తుంది. తాతల నాటి నుంచీ అంతే. జోళ్ళు అరగడం లేదని చెప్పులు కుట్టేవాడు సణుక్కుంటాడు, మిగతావాళ్ళు పట్టించుకోరు. గార్మన్ తిత్తిపెట్టె మీద తోటి వాద్యగాడు అల్లబెర్గన్ ఎత్తుకున్న పాటను పిల్లలు చెవితో పట్టుకుంటే, ఆ పిల్లల పాదాలను మత్యాకూబ్ కళ్ళతో పట్టుకునేవాడు.

ఆపిల్ కోతల రోజుల్లో ఖీవా నుంచి సనోబర్ అనే కొత్త టీచరు వచ్చింది. వస్తూనే బల్లలన్నీ బయట పెట్టించింది.

"పుస్తకాలు తర్వాత. ముందు పాటను వేళ్ళకు చెప్పండర్రా," అంది పిల్లలతో.

మొదటి వారమంతా వేళ్ళు విదిలించడమే. తర్వాత మణికట్లు, ఆ తర్వాత భుజాలు. స్వరం సాగినచోట చేతులు చాచాలి, తెగినచోట మెడ టక్కున ఆగాలి. పాట పిల్లల ఒంటికి పట్టింది.

అంతా బాగానే ఉంది గాని, క్లాసు అయ్యాక మత్యాకూబ్ వంక చూసి ఆమె చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకునేది.

"నా మీద చాడీలు రాస్తోందే," అన్నాడు ఇంట్లో, బరక్ కుడుము ముక్క నోట్లో పెట్టుకుంటూ.

పాష్షా పెదవులు కనబడేలా ఎదురుగా కూర్చుంది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట! వెళ్ళి అడుగు."

అడగలేదు. కాపు కాశాడు. ప్రిన్సిపాల్ గది దగ్గర సనోబర్ పెదవుల మీద తన పేరు కనబడింది. పిల్లలు తనవైపు చూసి గుసగుసలాడటం కనబడింది. ఆమె "అన్నా, ఒక్క మాట" అంటూ వస్తే, "పొయ్యి మీద టీ ఉందమ్మా" అని మొహం తిప్పుకుని పోయేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె లేనప్పుడు నోటుబుక్కు తెరిచాడు. ప్రతి పేజీలోనూ తన పేరే. పక్కన తేదీ. ఆ పక్కన: ఒక వేలు. రెండు వేళ్ళు. మూడు వేళ్ళు. పుస్తకం చటుక్కున మూసేశాడు. డోయిరా మీద రోజుకు ఎన్ని వేళ్ళు తప్పుతున్నాయో లెక్క పెడుతోందన్నమాట!

నవ్‌రూజ్ పండుగనాడు పాఠశాల ముంగిట్లో ఆట పెట్టారు. వచ్చి చూస్తే అతని చాప పిల్లల ఎదురుగా లేదు. జనం వైపు తిప్పి, పిల్లలకు వీపు పెట్టేలా వేసి ఉంది.

"నా చాప ఎవరు కదిపారు?"

"నేనే అన్నా, ఎందుకంటే..."

మిగతాది చూడకుండానే తల తిప్పేసుకున్నాడు. నలుగురిలో పరువు తీయడానికే ఇదంతా. లేచిపోదామంటే ముంగిలి నిండిపోయింది. రెండో వరసలో పాష్షా కూర్చుని ఉంది.

ఆట మొదలైంది. గుడ్డిగా మొదటి దెబ్బ వేశాడు. తల్లుల మొహాలు ముడుచుకున్నాయి. ఇంకోటి, అదీ తప్పే. మూడోది వేసేసరికి కింద చాప జారినట్టయింది. జారలేదు, తనే గాల్లోకి లేచాడు. మళ్ళీ తప్పితే నేల గట్టిగా తగిలింది. మెట్టు కోసం కాలు తడిమినట్టు, ఆ లేవడం కోసం చేతులతో తడుముకుంటూ వాయించాడు. వేగం అందుకున్నాక ఇక కిందికి దిగనే లేదు.

అయిపోయాక సనోబర్ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడైనా చూడండి నావైపు! వెనకనుంచి పిలిస్తే పలకనప్పుడే తెలిసింది, మీకు వినబడదని. కాని మీరూ లేస్తారు అన్నా. ఎంతసేపూ పిల్లల కాళ్ళకేసి చూస్తూ మీ సంగతి చూసుకోలేదు. చెబుదామంటే నిలబడరాయె! అందుకే చాప తిప్పాను."

"మరి ఆ వేళ్ళు?"

"ఎంతెత్తు లేచారో రాసుకున్నాను."

అతను గొంతు తగ్గించాడు, లేదా తగ్గించాననుకున్నాడు. "ఇంకెవరికి తెలుసు?"

"ఊరందరికీ. మీకు బాగా కనబడాలని పిల్లలు కాళ్ళు ఎత్తెత్తి వేస్తున్నారు."

సిగ్గుతో మూడు రోజులు ఇల్లు కదల్లేదు. నాలుగోరోజు సనోబర్ ఇంటికే వచ్చింది. ఉర్గెంచ్‌లో చెవిటి పిల్లల బడి ఉందట. సంగీతం నేర్పుదామంటే అక్కడివాళ్ళు నవ్వారట.

"నన్ను ఇక్కణ్ణుంచి సాగనంపడానికేగా?" అన్నాడు మత్యాకూబ్.

"నాకు వినబడుతుంది అన్నా. వాళ్ళకు నేనేం చెప్పగలను?"

పాష్షా అప్పటికే అతని కోటు దులుపుతోంది.

ఉర్గెంచ్‌లో ఎనిమిదిమంది పిల్లలు గోడకు ఆనుకుని, సూదిమందు వేసే డాక్టరును చూసినట్టు చూశారు. అందరికంటే మొండిది ఇంజూ, ఆరేళ్ళది. చేతులు కట్టుకుని కూర్చుంది. పది రోజులకు గాని దాని వేళ్ళు కదల్లేదు. తోలు మీద ఒక అరచెయ్యి పెట్టించి, వేళ్ళు, మణికట్టు, భుజాలు నేర్పాడు. నెల తిరిగాక ఒకనాడు దాని పాదాలు నేలను వదిలి వేలెడెత్తు లేచాయి.

ఇంజూ కిందికి చూసింది. ఎవరో ఎత్తారని వెనక్కి తిరిగి చూసింది. మత్యాకూబ్ కూర్చున్న చాప అంచు ఎత్తి అడుగున వెతికింది. ఏమీ దొరక్కపోయేసరికి అతని చేతుల్లోంచి డోయిరా లాక్కుని, కళ్ళు చికిలించి, అతన్నే చూస్తూ ఒక దెబ్బ వేసింది.

మత్యాకూబ్ గాల్లోకి లేచాడు.