సుజాతకొచ్చిన జ్వరాలు

కరోనా రెండో వేవ్ వచ్చిన ఏడు, ముసునూరు దగ్గర మామిడి తోటలో ఆరు పాకల వాళ్లకీ కలిపి ఉన్నది ఒక్కటే టచ్ ఫోను. అది సుజాతది. ఆమె మొగుడు అప్పారావు కాయలు కోస్తాడు, ఆమె వాటిని ఏరి ట్రేల్లో సర్దుతుంది. ఒంట్లో బాగోకపోతే ఫోన్లో యాప్ తెరిచి చెప్పండి, మందులు ఇంటికే వస్తాయని ఎవరో వచ్చి చెప్పి వెళ్లారు. ఇంకేముంది, పొద్దున్నే కోతకెళ్లే ముందు జనం సుజాత పాక ముందు వరస కట్టేవాళ్లు.

యాప్ పాపం అడగాల్సినవన్నీ అడిగేది. జ్వరం ఉందా, దగ్గుందా, వాసన తెలుస్తోందా. ఎవరికి ఏముంటే వాళ్లు అది నొక్కేవాళ్లు. పేరు మాత్రం అడిగేది కాదు, మొదటి రోజే సుజాత పేరు రాసేసుకుంది గనక. ఇందులో తప్పుందని ఎవరికీ తట్టలేదు. ఒక పొయ్యి మీద ఆరిళ్ల టీ కాచుకునే జనానికి ఒక ఫోను మీద ఆరిళ్ల జ్వరాలు చెప్పుకోవడం వింతేమీ కాదు. వచ్చిన మాత్రలు పంచుకునేవాళ్లు.

అలా సుజాతకి ఇరవై మూడు రోజులు జ్వరం వచ్చింది. మధ్యలో మూడుసార్లు తగ్గింది, రెండుసార్లు వాసన పోయింది. పట్నంలో మ్యాపు ముందు కూర్చున్న వాళ్లకి ఆ తోట మీద కనిపించింది ఒక్కటే ఎర్ర చుక్క. అసలు సుజాత మాత్రం గుండ్రాయిలా ఉంది.

ఇరవై నాలుగో రోజు పక్క పాకలో పుష్పవతికి ఊపిరి అందలేదు. సుజాతే యాప్‌లో ఆయాసం అని నొక్కింది. వెనకటి జ్వరాలన్నీ చూసి అక్కడి వాళ్లు హడలిపోయినట్టున్నారు, గంటలో అంబులెన్సు పంపారు. వచ్చినతను కాగితం చూసి, బెడ్డు సుజాత పేరు మీద ఉంది, ఇంకొకరిని ఎక్కించుకోనన్నాడు. హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు దాకా బెడ్డు దొరక్క జనం ఆటోల్లో తిరుగుతున్న రోజులవి. పేరిచ్చిన వాళ్లకి రోగం చుట్టుకుంటుందని అప్పారావు భయం. కళ్లతోనే వద్దన్నాడు. సుజాతకీ భయమేసింది. మంచం మీద పుష్పవతి చేపలా నోరు తెరిచి మూస్తోంది.

"ఈవిడే సుజాతండీ," అంది సుజాత.

పుష్పవతిని పొదివి పట్టుకుని బండెక్కించిందీ తనే. నాలుగో రోజుకి సుజాతకి నిజంగానే జ్వరం పట్టుకుంది. ఆరో రోజుకి నాలుగడుగులు వేస్తే ఆయాసం. యాప్ తెరిస్తే ప్రశ్నలేమీ లేవు, మీరు చికిత్సలో ఉన్నారు, త్వరగా కోలుకోండి అని మాత్రం ఉంది. అందులోని నంబరుకి ఫోన్ చేసింది. ఎత్తిన అమ్మాయి ఓపికగానే విని, సుజాత గారు ఆసుపత్రిలో పన్నెండో బెడ్డు మీద ఉన్నారు, మీరెవరని అడిగింది. నిజం చెబితే పుష్పవతిని దించేస్తారేమోనని, పక్కింటిదాన్నని చెప్పింది సుజాత.

"ఒక నంబరు మీద ఒక్కళ్లకే వీలవుతుందమ్మా. సుజాత గారు డిశ్చార్జి అయ్యాక చేయండి."

ఆ అమ్మాయి పెట్టేయబోతుంటే సుజాత ఆపింది.

"పోనీ, సుజాతకి ఎలా ఉందండీ?"

"ఆక్సిజన్ తీసేశారమ్మా. ఇంకో అయిదు రోజుల్లో పంపించేస్తారు."

సుజాతకి ఎంత సంతోషం వేసిందంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత మొగుడి భుజం పట్టుకుని మంచం మీద కూర్చుని, ఈ అయిదు రోజులూ ఊపిరి ఎలా లాక్కురావాలా అని ఆలోచించడం మొదలుపెట్టింది.