నడిమి చుక్క

గెబ్‌హార్ట్ ఊపిరి బిగబట్టి కుంచె కొనను తీగకు తాకించాడు. వెంట్రుక కంటే కాస్త లావున్న గాజునార తీగ అది. గుండె దాకా రక్తనాళంలో జొనపడానికి. ఎమ్మారై యంత్రం దగ్గరికి ఉక్కు తీగ తీసుకెళ్లకూడదు, అయస్కాంతం లాగేస్తుంది. గాజు తీగేమో తెర మీద కనిపించదు. అందుకని ఇనుప పొడి కలిపిన జిగురుతో దాని మీద మూడు ఉంగరాలు చుట్టాలి. తెర మీద అవి మూడు నల్లచుక్కలవుతాయి. పొడి తగ్గితే చుక్క లేదు. ఎక్కువైతే మచ్చ ఉబ్బి నాళం గోడనే మింగేస్తుంది.

కుంచె జారింది.

"ఛీ!" అంటూ తీగను చెత్తడబ్బాలో పడేశాడు. పొద్దుటి నుంచి అది నాలుగోది.

జర్మనీలోని ట్యుట్లింగెన్‌లో నలభై రెండేళ్లు కత్తెరలకూ చిమటాలకూ సాన పట్టినవాడు. ముప్పయ్యో ఏట సానరాయి మీంచి ఎగిరిన ఉక్కు రవ్వ ఎడమ కంట్లో దిగి అక్కడే ఉండిపోయింది. అయస్కాంతం దాన్ని కదిలిస్తే కన్ను పోతుంది. అందుకే రెండేళ్లుగా తీగలు చేస్తున్నా, అవి కనిపించే తెరను అతను ఒక్కసారీ చూడలేదు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం డోనౌ నది ఒడ్డున నడక, సోమవారం మళ్లీ ఈ బల్ల.

"ఐదోది బాగుంది, గెబ్‌హార్ట్ గారూ. పరీక్షకు తీసుకెళ్తున్నా," అంది ఇంజినీరు యాన్‌కా.

"నేనూ వస్తా."

"మీ కంట్లో..."

"అయస్కాంతం గదిలోకి రానులే. అద్దానికి ఇవతలే నిలబడతా. రెండేళ్లుగా గుడ్డెద్దులా చేస్తున్నా. కాలేదు, కాలేదని చెప్పడానికి మాత్రం పరిగెత్తుకొస్తారు!"

ఆస్పత్రిలో యంత్రం నడిపే ఎడెల్ట్రాడ్ తలుపు దగ్గరే వేలు చూపించింది. "ఈ గీత దాటారో, చెవి పట్టుకుని బయటికి లాగుతా."

"చెవిలో ఉక్కు లేదు, లాగు," అన్నాడు.

లోపల రక్తనాళానికి బదులుగా జెల్లీలో పాతిన రబ్బరు గొట్టంలోకి తీగ వెళ్లింది. యంత్రం దబదబా మోగింది. తెర మీద మొదటి చుక్క, రెండోది, మూడోది వరసగా ఈదుకుంటూ వచ్చాయి.

యాన్‌కా చప్పట్లు కొట్టింది. గెబ్‌హార్ట్ మంచి కన్ను తెరకు ఆనించినంత దగ్గరగా వంగాడు.

"నడిమిది కోడిగుడ్డులా ఉంది."

"డాక్టర్లకు అది చాలండీ."

"నాకు చాలదు. అక్కడ గోడ కనిపించట్లేదు. సరిగ్గా అక్కడే చిరిగితే?"

"సోమవారం నుంచి పూత వేసే మెషీన్ వస్తోందిగా. ఇంకా మీకెందుకీ తంటా?"

అతను కోటు గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని బయటికి నడిచాడు. ఎదురుగా రొట్టెల దుకాణంలో వెన్న రాసిన ప్రెట్‌జెల్ కొనుక్కుని బస్టాపులో కూర్చున్నాడు.

సామాను సర్దుకుని గంట తర్వాత యాన్‌కా వచ్చేసరికి అతనింకా అక్కడే ఉన్నాడు, గడ్డం గుండెలకు ఆనించి. ఈలోగా రెండు బస్సులు పోయాయి. కునుకు తీస్తున్నాడనుకుని ఎవరూ లేపలేదట.

"లేవండి, చలిగా ఉంది," అంటూ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి అప్పటికే చల్లబడిపోయింది.

ఆస్పత్రి నుంచి స్ట్రెచర్ వచ్చింది. ఎవరూ తొందరపడలేదు. అతన్ని తీసుకెళ్లాక బెంచీ మీద రొట్టెల దుకాణం కాగితం సంచి ఒకటి మిగిలింది. దాని మీద పెన్సిల్‌తో మూడు గీతలున్నాయి. నడిమిది మిగతా రెండింటి కంటే సన్నగా ఉంది.